రెండొందల కిలోమీటర్ల సైకిల్ లెక్క: ఒక టైలరమ్మ చెప్పేది

రెండొందల కిలోమీటర్లనగానే అందరూ ముందు కాళ్ళ గురించే అడుగుతారు. "కాళ్ళు పీకెయ్యవా అక్కా?" అని నా కొట్టుకి వచ్చే ఆడపిల్లలదీ అదే మాట. పీకుతాయి. కానీ కాళ్ళ వల్ల మధ్యలో ఆగిపోయినవాళ్ళని నేను పెద్దగా చూళ్ళేదు. సీటు దగ్గర ఒరుసుకుపోయి ఆగినవాళ్ళున్నారు, పొట్ట తిరగబడి ఆగినవాళ్ళున్నారు. టీ కొట్టు కుర్చీలోంచి లేవలేక టైము దాటబెట్టుకున్నవాళ్ళు వీళ్ళందరికంటే ఎక్కువ. అందుకని ఈ మూడింటి గురించే ఎక్కువ చెప్తాను. నాది విశాఖ గోపాలపట్నంలో లేడీస్ టైలరింగ్ కొట్టు. నలభై దాటాక సైకిలెక్కిన మనిషిని. చిన్నప్పట్నుంచీ ఆటలాడిన ఒళ్ళయితే నా సలహాల్లో సగం మీకు అక్కర్లేదు.

ముందు నియమాలు. ఈ రైడ్లని బ్రెవేలంటారు. పందెం కాదు, ఫస్టూ సెకండూ ఉండవు, గడువులోగా చేరితే చాలు. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ పెట్టిన పద్ధతి ఇది, మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండోనర్స్ చూసుకుంటుంది. 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఈ నాలుగూ ఒకే సీజన్లో చేసినవాళ్ళని సూపర్ రాండోనర్ అంటారు. ఆ పైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఉంది, 1891లో మొదలైంది, 1200 కి.మీ.కి 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. దాని సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఈ రెండొందల్లో శ్రీకాకుళం వెళ్ళి రండి.

దారిలో మీరొచ్చిన టైము మీ కార్డు మీద వేసే చోట్లుంటాయి, వాటిని కంట్రోల్ పాయింట్లంటారు, ప్రతి దానికీ మూసే టైముంటుంది. వందో కిలోమీటరు దగ్గర కంట్రోల్ ఉంటే బయల్దేరిన 6 గంటల 40 నిమిషాలకల్లా అక్కడ ఉండాలి. మీ ఆయనో, మీ తమ్ముడో బండి మీద వెనకాలే అరటిపళ్ళు పట్టుకుని రావడం కుదరదు. కంట్రోల్ దగ్గర తప్ప సొంతవాళ్ళ సాయం తీసుకోకూడదు. దారిలో కొట్లో కొనుక్కు తినొచ్చు, పంక్చరేయించుకోవచ్చు. హెల్మెట్, ముందో లైటు, వెనకో లైటు, లైటు పడితే మెరిసే జాకెట్ తప్పనిసరి.

ఇప్పుడు అసలు లెక్క. గంటకి 18 చొప్పున తొక్కితే 200 కి.మీ.కి 11 గంటల 7 నిమిషాలు. 20 చొప్పున అయితే సరిగ్గా 10 గంటలు. అంటే స్పీడు రెండు పెంచితే మిగిలేది గంటా ఏడు నిమిషాలు. ఆ రెండు పెంచడానికి కొత్తవాళ్ళకి నెలలు పడుతుంది. అదే దారిలో అయిదు చోట్ల ఆగుతారనుకోండి, ఆగినచోటల్లా 25 నిమిషాలకి బదులు 12 నిమిషాల్లో లేచారంటే గంటా అయిదు నిమిషాలు మిగిలినట్టే. దీనికి ప్రాక్టీసూ అక్కర్లేదు, ఖరీదైన సైకిలూ అక్కర్లేదు. కుర్చీలో కూర్చోకుండా ఉంటే చాలు.

ఆగగానే ముందు సీసాలు నింపండి, తర్వాత బాత్రూమ్, తర్వాత తిండి, అది కూడా నిలబడే. ఫోను చూడాలనిపిస్తే సగం ఇడ్లీ నోట్లో ఉండగా చూడండి. కూర్చుంటే తొడలు బిగుసుకుంటాయి, పక్కనున్నవాళ్ళు మాట్లాడిస్తారు. రణస్థలం దాటాక ఒక టీ కొట్టు మామ్మ నన్ను చూసి, "ఏటమ్మా, సైకిలేసుకుని సికాకుళం ఎల్తన్నావేటి? బస్సుల్లేవేటి?" అంది. ఆవిడకి సమాధానం చెప్పాలని ఎవరికుండదు? చెప్పండి, టీ గ్లాసు పట్టుకుని నిలబడి చెప్పండి.

ఇక నా ఇలాకాలోకి వద్దాం, కుట్ల సంగతి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కర్ కొనేటప్పుడు రంగు కాదు చూడాల్సింది. లోపలి వైపుకి తిరగెయ్యండి. మామూలు ప్యాంటుకి కాళ్ళ మధ్యలో నాలుగు కుట్లు ఒక్కచోట కలుస్తాయి, అక్కడ ముడిలా గట్టిగా తగులుతుంది. ఆ చోటే మనం పది గంటలు కూర్చునేది. మంచి నిక్కర్లో అక్కడ కుట్టే ఉండదు, ప్యాడ్ ఒకే ముక్కగా ఉంటుంది, దాని అంచులు పల్చగా అయిపోయి బట్టలో కలిసిపోతాయి. బొటనవేలి గోరుతో ప్యాడ్ అంచంతా ఒక చుట్టు గీరండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడే మీ చర్మమూ తట్టుకుంటుంది. తొడ దగ్గర కుట్టు ఓవర్‌లాక్ అయితే దారం గట్టులా పైకి లేచి ఉంటుంది, అదీ వద్దు. రెండంచులూ చదునుగా పరుచుకున్న కుట్టుండాలి. తొడ దగ్గర ఎలాస్టిక్ సన్నగా ఉంటే కోస్తుంది, వెడల్పు పట్టీ ఉన్నదే తీసుకోండి.

ఈ నిక్కర్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మొహమాటంతో లోపల ఇంకోటి వేసుకుంటే దాని కుట్లన్నీ మళ్ళీ అక్కడే చేరతాయి, డబ్బు పెట్టి కొన్నదంతా దండగ. ఒట్టి నిక్కర్‌తో రోడ్డు మీదకి రావడం ఇష్టం లేకపోతే పైన లెగ్గింగ్ వేసుకోండి, నేనూ అంతే. చుడీదార్ ప్యాంటు, చున్నీ మాత్రం ఇంట్లోనే, చైను లాగేసుకుంటుంది. బయల్దేరేముందు తొడల లోపలివైపు వాసిలీన్ దిట్టంగా రాయండి, సగం దూరంలో మళ్ళీ రాయండి. సీటు మీద మెత్తటి జెల్ కవరు వెయ్యాలనే ఆశ వదులుకోండి. గంటసేపటికి హాయిగానే ఉంటుంది, మూడో గంటకి ఎముక దిగబడిపోయి మెత్తటి భాగాలు నొక్కుకుంటాయి. కూర్చుంటే రెండు ఎముకలూ ఆనేంత వెడల్పున్న గట్టి సీటే మంచిది. ఎత్తు సరిచూసుకోవడం తేలిక: మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు నిటారుగా రావాలి.

ఆడవాళ్ళకి ఇంకో మాట. నెలసరి రోజుల్లో ప్యాడ్ మీద ప్యాడ్ పెట్టి పది గంటలు తొక్కితే ఒరుపు తప్పదు. లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్ళకి అదే మేలు, కానీ మొదటిసారి ప్రయత్నం రైడ్ రోజున వద్దు. బాత్రూమ్ దొరకదని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళున్నారు, అన్నింటికంటే ప్రమాదం అదే. హైవే మీద పెట్రోలు బంకుల్లో, టోల్ ప్లాజాల దగ్గర ఉంటాయి. మొహమాటపడకుండా అడగండి.

తిండికి ఒకటే సూత్రం: ఆకలేసేదాకా ఆగకండి. గంటకి 50 గ్రాముల పిండి పదార్థం లోపలికి వెళ్ళాలి. అంటే రెండు అరటిపళ్ళు, లేకపోతే ఒక అరటిపండూ ఒక పల్లీ చిక్కీ. అరగంటకోసారి తొక్కుతూనే కొంచెం కొంచెం తినండి. అనకాపల్లి బెల్లంతో పల్లీలు దంచి ఉండలు చేసుకెళ్తాను నేను, జేబులో నాలుగు పడతాయి, ఎండకి కరగవు. మాడుగుల హల్వా చిన్న ముక్క పరవాలేదు గానీ నెయ్యి ఎక్కువ కాబట్టి పొట్ట బరువెక్కుతుంది. ఇంట్లో బయల్దేరేముందు చోడి (రాగి) అంబలి తాగుతాను. మీకు అలవాటు లేకపోతే ఆ రోజే మొదలెట్టొద్దు. మధ్యాహ్నం హోటల్లో బిర్యానీ వాసనొస్తుంది. తిరుగు ప్రయాణంలో తొక్కేది మీరే అని గుర్తుపెట్టుకుంటే చాలు, పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు.

నీళ్ళ సంగతి మన విశాఖలో వేరు. గాలిలో తడెక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి. నల్ల టీషర్టు వేసుకుని రెండు గంటలు తొక్కి చూడండి, ఆరాక వీపు మీద తెల్లటి చారలు కనిపిస్తాయి. అదంతా ఒంట్లోంచి పోయిన ఉప్పే. చారలు గట్టిగా ఉన్నవాళ్ళు ఒట్టి నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఓఆర్ఎస్ పొడి పెట్టుకోండి. లీటరుకి అని రాసున్న ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి, ముప్పావు లీటరు సీసాలో మొత్తం కుమ్మరించొద్దు. దారిలో ఉప్పేసిన నిమ్మకాయ సోడా దొరికితే బంగారం.

సైకిల్ గురించి కొంచెమే చెప్తాను. తిన్నటి హ్యాండిలుండే, గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ చాలు. అప్పు చేసి సన్న టైర్ల రేసు సైకిల్ (రోడ్ బైక్) కొనక్కర్లేదు. బీచ్ రోడ్డులో తొక్కొచ్చాక మాత్రం పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి బోల్టులు తొందరగా తుప్పెక్కుతాయి. నా కొట్లో కత్తిరింపుల గుడ్డలకి కొదవలేదు కాబట్టి నాకిది తేలిక. కుట్టు మిషను ఆయిల్ చైనుకి వెయ్యొద్దు, మరీ పల్చన, నిలవదు.

పంక్చరు వెయ్యడం రాకుండా హైవే ఎక్కొద్దు. హైవే అంచున మనకి శత్రువు మేకు కాదు, లారీ టైరు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగ. సూది మొనంత ఉంటుంది, కంటికి కనిపించదు. ట్యూబు మార్చి గాలి కొట్టేసి వెళ్ళిపోతే కిలోమీటరు లోపే మళ్ళీ దిగిపోతుంది, ఎందుకంటే తీగ టైరులోనే ఉంది. టైరు లోపలివైపు చిన్న దూదిపింజ పెట్టి చుట్టూ నెమ్మదిగా తుడవండి. తీగ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. అక్కడ టైరుని బయటికి వంచితే కొన కనిపిస్తుంది, ప్లక్కర్‌తో పీకెయ్యడమే. కనుబొమ్మలకి వాడేదే, నా సంచీలో అందుకే ఉంటుంది. రెండు ట్యూబులు, టైరు లీవర్లు, పంపు, ప్యాచీలు, ఒక ప్లక్కర్, కొంచెం దూది ఉంటే చాలు. ఇంట్లో టీవీ చూస్తూ వెనక చక్రం ట్యూబు మార్చడం నేర్చుకోండి. వెనకదే కష్టం.

ప్రాక్టీసుకి మూడు నెలలు పెట్టుకోండి. వారంలో రెండు పొద్దుళ్ళు గంటేసి, ఆదివారం దూరం. ఆ దూరాన్ని 40, 55, 70 అలా మూడు వారాలు పెంచుకుంటూ, ప్రతి నాలుగో వారం తగ్గించుకుంటూ 120-130 దాకా వెళ్ళండి. అది నీరసం లేకుండా తొక్కగలిగితే 200 కూడా అవుతుంది. బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్ళి రావడం మొదటి మెట్టు. రుషికొండ, తొట్లకొండ దగ్గర ఎత్తుపల్లాలు కాళ్ళకి మంచివి. మార్చి దాటాక నైరుతి గాలి వీస్తుంది. వెళ్ళేటప్పుడు 25 స్పీడు వస్తే మురిసిపోకండి, అది వీపు మీద గాలి. వచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొట్టి 16కి దింపుతుంది. నేనయితే ఎదురుగాలి రోజునే కావాలని వెళ్తాను, అంతకంటే చవకైన కొండ లేదు. నిజం కొండలవైపే వెళ్ళాలంటే పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా వెళ్ళి రండి. గోపాలపట్నం నుంచి పోనూ రానూ సుమారు 90. అక్కణ్ణుంచి అనంతగిరి ఘాటెక్కడం రెండొందలు పూర్తయ్యాక పెట్టుకోండి.

రైడ్‌కి నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వార్తలు చూసి పేరివ్వండి. పొద్దున్న ఆరుకి బయల్దేరితే గడువు రాత్రి ఏడున్నరకి ముగుస్తుంది. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దు పోతుంది. అంటే ఆఖరి రెండు గంటలు చీకట్లోనే, లైట్లు రూలు కోసం కాదు. శ్రీకాకుళం వైపైతే ఆనందపురం, తగరపువలస, భోగాపురం దాకా కాళ్ళు ఉత్సాహంగా ఉంటాయి, అక్కడే ఎక్కువ తొక్కేస్తారు జనం. పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే మీ వేగం. గుంపు వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. పైడిభీమవరం దగ్గర మందుల ఫ్యాక్టరీల షిఫ్టు మారే వేళ బస్సులూ లారీలూ కమ్ముకొస్తాయి, ఎడమ అంచు వదలొద్దు. ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బైకులకి కూడా ఆ అంచే కావాలి, కాబట్టి ఫోను చూస్తూ తొక్కే పనే లేదు. బ్రిడ్జి మీద జాయింట్లని సూటిగా దాటండి, వాలుగా వద్దు.

నూట ముప్పై, నూట అరవై మధ్యలో మనసు మొరాయిస్తుంది. "ఎందుకొచ్చాను" అనిపిస్తే ముందు ఏదైనా తినండి, పది నిమిషాల తర్వాత మళ్ళీ ఆలోచించుకోండి. చాలాసార్లు అది ఆకలే. వేళ్ళు తిమ్మిరెక్కితే హ్యాండిల్ పట్టు మార్చండి. పావుగంటకోసారి పెడళ్ళ మీద లేచి కాసేపు నిలబడండి, కూర్చునే చోటికి రక్తం అందుతుంది. మోకాలి ముందువైపు నొప్పి మొదలైతే తేలిక గేరుకి దిగండి. నొప్పి పదునుగా పెరుగుతూ ఉంటే, లేదా తల తిరుగుతుంటే ఆగిపోండి. వచ్చే నెల ఇంకో రైడ్ ఉంటుంది.

ముగిశాక కార్డు మీద టైము రాయించి, సంతకం చేసి ఇచ్చెయ్యండి. ఇంటికి మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళొద్దు, ఎవర్నైనా రమ్మనండి, లేదా ఆటోలో సైకిలేసుకోండి. ఇప్పుడు తినండి ఆ బిర్యానీ. పడుకునేముందు ప్యాడ్ నిక్కర్‌ని చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి, గట్టిగా పిండకుండా, ప్యాడ్ పైకొచ్చేలా తిరగేసి నీడలో ఆరెయ్యండి. ఇస్త్రీ పెట్టారంటే ఫోము అణిగిపోతుంది, దాన్ని మళ్ళీ బాగుచెయ్యడం నా వల్ల కూడా కాదు.