రోగి చేతికి యాప్ ఇచ్చే ముందు - 4వ పాఠం: వర్తించనిదానికి సున్నా వేయకండి

బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి నుంచి షుగర్ యాప్‌లకి మార్కులు వేసి మీరు పంపిన షీట్లు చూశాను. ఈ వారం బొమ్మలు, వీడియోల సంగతి చెబుదామనుకున్నాను. అది తర్వాత. చాలా షీట్లలో ఒకటే తప్పు ఉంది: ‘వర్తించదు’ అన్నచోట సున్నా.

ఆరోగ్య యాప్‌ల నాణ్యతకి మార్కులు వేసే మార్స్ కొలమానంలో 23 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. సున్నా లేనేలేదు. 19వ ప్రశ్న యాప్‌ని పరీక్షించిన అధ్యయనం ఉందా అని అడుగుతుంది. లేకపోతే ‘వర్తించదు’. పరీక్షించాక పనిచెయ్యదని తేలిన యాప్‌కి 1. ఎవరూ పరీక్షించని యాప్‌కి దానికన్నా తక్కువ వేస్తే ఎలా? ఈ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. రెండో పాఠంలోని పెమాట్‌లో, అంటే రోగికిచ్చే సమాచారం అర్థమయ్యేలా ఉందా అని చూసే కొలమానంలో, ఒప్పుకుంటే 1, ఒప్పుకోకపోతే 0. దాన్ని ఇక్కడికి మోసుకొచ్చారు. పెమాట్‌లో కూడా వర్తించని ప్రశ్నని లెక్కలోంచి తీసెయ్యడమే.

సమాచార విభాగంలో ఏడు ప్రశ్నలు. ఆరింటికి 4, 3, 4, 3, 3, 4 వచ్చాయి, ఏడోది వర్తించదు. మొత్తం 21, ఆరుతో భాగిస్తే 3.5. సున్నా వేసి ఏడుతో భాగిస్తే 3.0. అర మార్కే కదా అనకండి, రెండు యాప్‌లలో ఏది ఇవ్వాలో తేల్చేది ఆ అర మార్కే. ఇంకొందరు మార్కులన్నీ ఒకే కుప్పగా కూడి భాగించారు. అలా కాదు. ఆసక్తి 3.2, పనితీరు 4.0, రూపం 4.0, సమాచారం 3.5 అయితే ఈ నాలుగు సగటులకే మళ్లీ సగటు: సుమారు 3.7. చివరి నాలుగు ప్రశ్నలు మీ సొంత అభిప్రాయం, వాటిని ఇందులో కలపకండి.

ఇక 5వ ప్రశ్న: వాడేవాళ్లకు తగినట్టుందా? ‘తెలుగు ఉంది’ అని ఒకరు 5 వేసేశారు. పర్లాకిమిడిలో ఓ మామ్మగారికి అదే యాప్ చూపిస్తే, ఫోన్ దూరంగా పట్టుకుని, “ఈ అక్షరాలు నాకు రావమ్మా, ఒడియాలో పెట్టు” అన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బళ్లో చదివింది ఒడియా. మన వైపు ఇలాంటివాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పాలా? అందుకే మార్కు వేసేముందు ఎవరి కోసం చూస్తున్నారో షీటు పైన రాయండి. చదివి వినిపించే బటన్ ఉంటే నేను కొంచెం ఉదారంగానే వేస్తాను.

షుగర్ యాప్ ఏదైనా నేను ముందు తెరిచేది సెట్టింగ్స్. కొలత మిల్లీమోల్స్‌లో ఉందేమో చూస్తాను. మన ల్యాబుల్లో మిల్లీగ్రాముల లెక్కన 126 అని రాసేది అందులో 7.0 అవుతుంది. తెలియక 126 కొడితే టెన్షన్ పెట్టే ఎర్ర హెచ్చరిక వస్తుంది. తర్వాత ‘షుగర్ పడిపోతే’ అన్న పేజీ. “వెంటనే తగిన చర్య తీసుకోండి” అని ఉంటే ఆ యాప్ నా దగ్గర నిలబడదు. 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార, పదిహేను నిమిషాలాగి మళ్లీ పరీక్ష అని విడమర్చి చెప్పాలి.

అభ్యాసం: ఒక బీపీ యాప్ తీసుకోండి. ఇద్దరు, ఒకరి షీటు ఒకరు చూడకుండా, కనీసం పది నిమిషాలు వాడి మార్కులు వేయండి. రెండు మార్కులు, అంతకుమించి తేడా వచ్చిన ప్రతి ప్రశ్నకీ కారణం రాయండి. తర్వాత ఒడియా మాత్రమే చదవగల ఒక తెలుగు రోగి చేతికి ఫోన్ ఇచ్చి, ఎక్కడ ఆగారో రాసుకోండి. మీరు వేలు పెట్టి చూపించకూడదు. మూడు కాగితాలూ కలిపి పంపండి. సున్నా కనిపించిన షీటు వెనక్కే వస్తుంది.