పసివాళ్ల నోట చావు మాట – మూడో పాఠం: అడగడం

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం రోజుల్లో పిల్లల మాటల్లో, ఆటల్లో, వాళ్లు గీసిన బొమ్మల్లో చావు ప్రస్తావన ఎక్కడ వచ్చినా రాసి పెట్టుకోమన్నాను. రాసినవాళ్లకి ఒక సంగతి తట్టే ఉంటుంది. మన భాషలో ఈ మాట మరీ చవక. నవ్వలేక చస్తాం, ఆకలికి చస్తాం, చెప్పలేక చస్తాం. పెద్దవాళ్లమే రోజుకు పదిసార్లు చచ్చి బతుకుతుంటే, ఏడేళ్ల పిల్లాడు ఒక్కసారి "నేను లేకపోతే మీకే హాయి" అంటే అంతగా పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. అది ఉత్త మాటో, లోపలి మాటో పక్కన కూర్చుని ఊహిస్తే తేలదు. అడిగితేనే తెలుస్తుంది.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయం. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూల్ విద్యార్థులతో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పరీక్షించింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలతో పోలిస్తే, ఆ తర్వాత ఆ ఆలోచనలు గానీ, దిగులు గానీ ఎక్కువైనట్టు కనిపించలేదు. వాళ్లు పెద్ద పిల్లలే, నిజం. చిన్నవాళ్ల విషయంలో వైద్యులు కాస్త వేరే పద్ధతి పాటిస్తారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచన ప్రకారం 12 ఏళ్లు, ఆపైవాళ్లందరినీ ప్రశ్నావళితో అడగాలి. 8 నుంచి 11 ఏళ్లవాళ్లని అవసరం కనిపించినప్పుడు అడగాలి. 8 ఏళ్ల లోపువాళ్లకి ప్రశ్నావళి వద్దు గానీ, హెచ్చరిక కనబడితే వదిలెయ్యకూడదు, వివరంగా మాట్లాడి చూడాలి.

ఇక అడిగే తీరు. "నీకలాంటి పిచ్చి ఆలోచనలేం రావు కదా?" ఇది ప్రశ్న కాదు, జవాబు. పిల్లాడు మన మొహం చూసి "రావు" అనేస్తాడు. "ఆత్మహత్య" అన్న మాట కూడా ఆ వయసుకు బరువు, అర్థం కాకపోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చెయ్యొద్దు. పక్కపక్కన కూర్చుని బొమ్మకు రంగులేస్తూ, వాడన్న మాట దగ్గరే మొదలుపెట్టండి.

"కన్నా, పొద్దున నువ్వు లేకపోతే మాకు హాయి అన్నావు. అలా అనేటప్పుడు ఎలా అనిపించింది?"
"ఏమో."
"కొంతమంది పిల్లలకి బాగా బాధేస్తే చచ్చిపోవాలనిపిస్తుంది. నీకెప్పుడైనా అలా అనిపించిందా?"

ఇక్కడ ఆగండి. నోరు మూసుకుని ఉండటమే ఈ పాఠంలో కష్టమైన భాగం. నేను మొదటిసారి అడిగినప్పుడు, ఆ మౌనం భరించలేక జవాబు రాకముందే "లేదులే, ఊరికే అడిగా" అనేశాను. అడగకపోయినా బాగుండేది.

"ఊఁ" అంటే వరసగా మూడు సంగతులు కావాలి. ఇప్పుడు కూడా అనిపిస్తోందా? తనను తాను గాయపరచుకోవడానికి ఏమైనా చేశాడా, చెయ్యాలనుకున్నాడా? అలా అనిపించడానికి కాస్త ముందు ఏం జరిగింది? దాంతోపాటు "చచ్చిపోతే ఏమవుతుందనుకుంటున్నావు?" అని కూడా అడగండి. చావు తిరిగిరానిదన్న సంగతి చాలామందికి 5–7 ఏళ్ల మధ్య అర్థమవుతుంది. "కొన్నాళ్లకి మళ్లీ వస్తా" అన్న జవాబు వస్తే వయసు తెలుస్తుందే తప్ప, ప్రమాదం లేదని కాదు. అర్థం కాకుండానే చేసే అవకాశమూ ఉంది.

"వాడు దిగులుగా లేడే, అల్లరి తప్ప ఏమీ లేదు" అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. అమెరికాలో ఆత్మహత్య చేసుకున్న 5–11 ఏళ్ల పిల్లల వివరాలను 2016లో ప్రచురించారు. వాళ్లలో మానసిక సమస్య ఉన్నట్టు తెలిసినవాళ్లను చూస్తే, సుమారు 59 శాతం మందికి ఏకాగ్రత లోపం (కొందరిలో అతిచురుకుదనంతో పాటు) ఉండేది. దిగులు జబ్బు ఉన్నది 33 శాతం మందికే. చిన్నవాళ్లలో ఉక్రోషం క్షణంలో పొంగుతుంది. ముందే తిట్లు తిన్నారా, స్నేహితుడితో గొడవపడ్డారా అన్నది అందుకే ముఖ్యం. ఇంట్లో మందులు, విషపదార్థాలు, ఆయుధాలు తాళంలో ఉండాలని పట్టుబట్టేదీ అందుకే. ఆ పొంగు చల్లారేదాకా అవి చేతికి అందకపోతే చాలావరకు గండం గడుస్తుంది.

జవాబు విన్నాక "ఛీ, అలా అనకూడదు" వద్దు. "నేనేం తక్కువ చేశాను?" అసలే వద్దు. "చెప్పావు, మంచి పని చేశావు. ఇద్దరం కలిసి చూద్దాం" చాలు. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. "నిన్ను కాపాడేవాళ్లకి చెప్తాను" అని ముందే చెప్పండి.

ఇప్పుడు కూడా అనిపిస్తోందన్నా, ఏదైనా చేశానన్నా, చేసే ఆలోచన ఉందన్నా ఒంటరిగా వదలకండి. వెంటనే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లండి, లేదా మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. ఒకప్పుడు అనిపించిందే తప్ప ఈ మూడింట్లో ఏదీ లేకపోతే అదే రోజు పిల్లల మానసిక వైద్యుడికో, స్కూల్ కౌన్సెలర్‌కో చెప్పి సమయం తీసుకోండి. "లేదు" అన్నా రెండు మూడు రోజుల తర్వాత ఇంకోసారి అడగండి. మొదటిసారి మనల్ని పరీక్షించి ఉండొచ్చు.

ఈ వారం సాధన: చచ్చిపోవాలనిపించిందా అన్న ఆ ప్రశ్నను అద్దం ముందు పదిసార్లు బయటికి అనండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని పిల్లాడిలా కూర్చోబెట్టి అడగండి. వాళ్లు "అవును" అనాలి. ఆ క్షణంలో మీ మొహం ఎలా మారిందో వాళ్లనే చెప్పమని రాసుకోండి. నాలుగో పాఠం ఆ కాగితం దగ్గరే మొదలవుతుంది.