సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

పెట్రోల్ కారు. తాళం తిప్పితే సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు. చూసినవాళ్లంతా బ్యాటరీ మార్చమన్నారు. సెల్ఫ్ అంత వేగంగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించడం దండగ. అది నీరసపడితే టకటకమని చప్పుడో, ఈడ్చుకుంటూ తిరగడమో ఉంటుంది.

ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లైటు మామూలుగానే ఆరిపోతోంది, కాబట్టి తాళం గొడవ కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్త కదులుతోంది. అంటే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ దాదాపు బాగున్నట్టే. ఇక ముందుగా చూడాల్సింది పెట్రోలు. తాళం ఆన్‌లో పెట్టగానే ట్యాంకులోని పంపు ఒకట్రెండు సెకన్లు 'జుయ్'మనాలి. మా అబ్బాయిని తాళం తిప్పమని, నేను వెనక సీటుకి చెవి ఆనించాను. ఉలుకూ పలుకూ లేదు.

ఫ్యూజు బాగుంది. పంపు రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్చు లాంటిది) తీసి, పక్కనే ఉన్న అదే నంబరు హారన్ రిలే పెట్టి చూశా. లాభం లేదు. వెనక సీటు ఎత్తితే దొరికాడు దొంగ: ఎలుక పెంటికలు, చింపిన స్పాంజి, పంపు సాకెట్‌కి బెత్తెడు దూరంలో కొరికేసిన వైరు. రాగి పోగులు పచ్చబడిపోయి ఉన్నాయి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశా. పచ్చబడ్డ మేర కత్తిరించి, అదే మందం వైరు ముక్క కలిపా. కింద ట్యాంకు ఉంది కదా, సోల్డరింగ్, లైటర్ లాంటివాటి జోలికి పోకుండా క్రింప్ చేసి (లోహపు తొడుగులో వైర్ల కొసలు పెట్టి గట్టిగా నొక్కి) టేపు చుట్టా. బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే పంపు జుయ్‌మంది, ఇంజిన్ వెంటనే అందుకుంది.

ఎలుక ఏ రంధ్రంలోంచి దూరిందో ఇంకా వెతుకుతున్నా.