కెంటకీ తొలి వలస కుటుంబం జాడ తీయడం

1775 తర్వాత అపలేచియన్ కొండలు దాటి అమెరికాలోని కెంటకీ చేరిన కుటుంబం కోసం వెతికేవాళ్లు చాలామంది జనగణనతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ రాష్ట్రానికి 1790, 1800 జనగణన పత్రాలు మిగల్లేదు. 1810 జాబితాలో ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్లు వయసుల వారీగా అంకెలు. కాబట్టి భూమి, పన్ను కాగితాలే దారి.

ముందు కౌంటీ (జిల్లాలాంటి పాలనా విభాగం) తేల్చుకోండి. 1776 చివర్లో వర్జీనియా ఏర్పాటు చేసిన కెంటకీ కౌంటీ 1780లో జెఫర్సన్, ఫయెట్, లింకన్‌గా విడిపోయింది. 1792లో రాష్ట్రమయ్యేనాటికి తొమ్మిది కౌంటీలు, ఇప్పుడు 120. ఇల్లు కదలకపోయినా కాగితాలు మూడు నాలుగు కోర్టుల్లో చెదిరి ఉండొచ్చు. కొత్త కౌంటీ పుట్టినా పాత పుస్తకాలు మాతృ కౌంటీలోనే ఉండిపోతాయి. మీ కుటుంబం ఉన్న వాగు పరిసరాలు ఏ ఏడు ఏ కౌంటీ కిందున్నాయో ఒక పట్టిక వేసుకోండి.

1778 జనవరి 1కి ముందు స్థిరపడినవాళ్లకు 1779 వర్జీనియా చట్టం 400 ఎకరాలు ఇచ్చింది, ఆనుకుని ఉన్న 1000 ఎకరాల దాకా కొనుక్కునే తొలి హక్కు కూడా ఇచ్చింది. ముందు వారెంటు (భూమి కొలిపించుకునే హక్కు పత్రం), తర్వాత ఎంట్రీ (ఏ నేల కావాలో నమోదు), సర్వే (కొలత), ఆ తర్వాతే పట్టా. మధ్యలో ఎప్పుడైనా హక్కు అమ్ముకోవచ్చు కనుక, నిజంగా అక్కడ బతికిన మనిషి పేరు పట్టాలో లేకుండా వారెంటులో మాత్రమే ఉండొచ్చు. కెంటకీ ల్యాండ్ ఆఫీసు వెబ్‌సైటులో పట్టాతో సరిపెట్టుకోక, ఆ భూమి కాగితాల కట్టలోని ప్రతి కాగితం తెరవండి.

హద్దులు చెట్లు, వాగులు గుర్తుగా, పోల్ లెక్కన రాసి ఉంటాయి. పోల్ అంటే 16.5 అడుగులు, ఎకరానికి 160 చదరపు పోళ్లు. 200 పోళ్ల వెడల్పు, 320 పోళ్ల పొడవు అయితే సరిగ్గా 400 ఎకరాలు. గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు 20 పోళ్ల చొప్పున గీయండి. చివరి గీత మొదటి బిందువును చేరకపోతే, గుమాస్తా ఉత్తరానికి బదులు దక్షిణం రాశాడేమో, ఒక గీత వదిలేశాడేమో చూడండి. పక్క పొలాలు కూడా గీయండి. ఒకదాని మీద ఒకటి పడితే తప్పకుండా కోర్టు దావాలు వెతకాలి. ఒకే నేలను ఇద్దరు ముగ్గురు సర్వే చేయించుకోవడం అక్కడ మామూలు, ఆ దావాల్లోని సాక్ష్యాల్లో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరికి ఏమవుతారో బయటపడుతుంది.

పన్ను జాబితాలను ఒక్క ఏడూ వదలకుండా చదవాలి. వంశ చరిత్రల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా దొరుకుతాయి. 16 దాటిన మగవాళ్ల గడిలో అంకె పెరిగిందంటే ఒక కొడుకు ఆ వయసుకు వచ్చి ఉండొచ్చు. అతనికి 21 నిండాక అతని పేరే విడిగా కనిపించవచ్చు. మగమనిషి పేరు పోయి ఆ స్థలంలో స్త్రీ పేరు వస్తే, భర్త చనిపోయి ఉండొచ్చు, ఆ ఏటి మృతుల ఆస్తి మదింపు పత్రాలు చూడండి. బానిసలు పన్ను జాబితాలో అంకెలే కానీ, మదింపుల్లో, వీలునామాల్లో వాళ్ల పేర్లు ఉంటాయి. ఆ పేర్లన్నీ రాసి పెట్టండి, వాళ్ల వారసులకు చాలాసార్లు మొదటి ఆధారం అదే.

పెళ్లి పూచీకత్తు (పెళ్లికి అడ్డేమీ లేదని ముందుగా రాసిచ్చే కాగితం) మీది తేదీ పెళ్లి తేదీ కాదు. హామీ సంతకం తరచుగా వధువు తండ్రిదో అన్నదో అవుతుంది, ఆమె పుట్టింటికి దారి అదే. భూమి అమ్మిన దస్తావేజులో భార్య తన హక్కు వదులుకుంటూ పేరు రాయిస్తుంది.

ఒకే పేరుతో ఇద్దరుంటే ‘సీనియర్’, ‘జూనియర్’ చూసి తండ్రీకొడుకులనుకోవద్దు. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పెద్దాయన పోయాక జూనియరే సీనియర్ అవుతాడు. వాగు పేరు, భార్య పేరు, సంతకమా, రాయడం రాక పెట్టిన గుర్తా అన్నవి మూడూ కలిసేదాకా ఇద్దరినీ వేరువేరు కాగితాల మీదే ఉంచండి.