రోలర్‌ను అనుమానించే ముందు తేమను చూడండి: కాంపాక్షన్ టెస్టులో సమస్యలు, పరిష్కారాలు

గుత్తి దగ్గర ఎర్రమట్టి, గ్రావెల్. తాడిపత్రి వైపు వెళ్లేసరికి నల్లరేగడి. రోడ్డు పనుల్లో ఈ రెండు రకాల మట్టిలోనూ తేమ కొలిచాను. రోలర్‌తో తొక్కించిన మట్టి పొర ఎంత గట్టిపడిందో చూసే కాంపాక్షన్ టెస్టులో డెన్సిటీ తక్కువ వచ్చిందంటే అందరూ ముందు రోలర్ ఆపరేటర్ మీదే పడతారు. నేను మాత్రం తేమ లెక్కే మొదట చూస్తాను.

సమస్య: కార్బైడ్ మీటర్‌లో తేమ తక్కువ, మర్నాడు ఓవెన్‌లో ఎక్కువ. రోజూ ఇదే వరస.

కార్బైడ్ మీటర్ అంటే మట్టిని, కార్బైడ్‌ను కలిపి మూత బిగించే సీసా. మట్టిలోని నీరు కార్బైడ్‌కు తగిలి గ్యాస్ పుడుతుంది, ఆ ఒత్తిడిని బట్టి ముల్లు తేమ చూపుతుంది. మీటర్ పాడైందని అనుకోకండి, ముందు లెక్క చూడండి. ఓవెన్ పద్ధతిలో నీటి బరువును ఎండిన మట్టి బరువుతో భాగిస్తాం. మీటర్ ముల్లు చూపేది తడిమట్టి బరువులో నీరు ఎంత శాతమో. అందుకే రీడింగ్‌ను 100 లోంచి తీసేసి, మిగిలినదానితో రీడింగ్‌ను భాగించి, 100తో హెచ్చించాలి. ముల్లు 9.5 చూపితే అసలు తేమ 10.5. ముల్లు 20 దగ్గర ఉంటే అసలు తేమ 25. మట్టి ఎంత తడిగా ఉంటే తేడా అంత పెరుగుతుంది.

ఒక్క శాతానికి ఇంత పట్టింపా అనుకోవద్దు. తడి డెన్సిటీ 2.10, ఎండీడీ (ల్యాబ్‌లో ఆ మట్టికి వచ్చిన గరిష్ఠ పొడి డెన్సిటీ) 1.96 అనుకుందాం. తడి డెన్సిటీలోంచి తేమ తీసేస్తే పొడి డెన్సిటీ వస్తుంది, అది ఎండీడీలో ఎంత శాతమో అదే కాంపాక్షన్. తేమ 9.5 అని వేస్తే కాంపాక్షన్ 97.8 శాతం. 10.5 అని వేస్తే 97కి ఒక పిసరు తక్కువ. సబ్‌గ్రేడ్‌కు, అంటే రోడ్డు పొరల కింద ఉండే మట్టి పొరకు, కావలసింది 97. అంటే ఫెయిలైన పొర కాగితం మీద పాసవుతుంది. పనిలో చేరిన కొత్తలో వారం రోజులు నేను ఈ మార్పు చేయకుండానే రిజిస్టర్ రాశాను. ఆ పొరలన్నిటికీ మళ్లీ గుంతలు తీసి టెస్ట్ చేయాల్సి వచ్చింది. అందుకే రిజిస్టర్‌లో ముల్లు రీడింగ్‌కు ఒక గడి, అసలు తేమకు ఒక గడి గీసుకోండి.

సమస్య: లెక్క సరిచేసినా ఇంకా తక్కువే. ముల్లు మెల్లగా పాకుతూ ఉంటుంది.

రేగడిలో ఇది మామూలే. మట్టి ఉండలుగా ఉంటే కార్బైడ్ పైపైనే తగులుతుంది, లోపలి నీరు అలాగే ఉండిపోతుంది. సీసాలో ఉక్కు గుండ్లు వేసి, ముల్లు కదలడం ఆగేదాకా ఊపండి, కాసేపు ఆపి మళ్లీ ఊపండి. గుండ్లు పోయాయని ఊరుకుంటే రేగడిలో ఆ రీడింగ్‌ను నమ్మలేం.

అప్పటికీ తక్కువే వస్తే కార్బైడ్ డబ్బా చూడండి. మూత సరిగా పెట్టకపోతే గాలిలోని తేమకే దాని బలం పోతుంది. కొత్త డబ్బా విప్పి మళ్లీ కొలవండి. సీసా మూత వాషర్ అరిగి గ్యాస్ పోతున్నా ఇదే లక్షణం.

సమస్య: మీటర్ రీడింగ్ ఓవెన్ కంటే ఎక్కువ.

కార్బైడ్, నీరు కలిస్తే వేడి పుడుతుంది, వేడికి ఒత్తిడి పెరుగుతుంది. దానికి మన ఎండ తోడు. సీసాను నీడలో ఉంచి, చల్లబడ్డాక రీడింగ్ తీయండి. ముందు చేసిన టెస్ట్ తాలూకు తడి సీసాలో మిగిలినా ఎక్కువే చూపుతుంది కాబట్టి ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. గ్యాస్ వదిలేటప్పుడు మూత ముఖానికి దూరంగా ఉండాలి. అది మండే గ్యాస్, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు.

సమస్య: ఒకే గుంత మట్టి, రెండు కొలతలకు పొంతన లేదు.

మే నెలలో గుంత తవ్విన మట్టిని ట్రేలో అలా వదిలేసి, గుంత ఘనపరిమాణం కొలవడానికి అందులో ఇసుక పోసుకుంటూ కూర్చుంటే పైమట్టి కళ్లముందే ఆరిపోతుంది. తీసిన వెంటనే మూత ఉన్న డబ్బాలో వేయండి, గుంత లోతంతటి నుంచీ కలిపి శాంపిల్ తీయండి. ఇక గ్రావెల్ అయితే మీటర్‌లో వేసే ఆరు గ్రాములకు అర్థమే లేదు, ఒక్క రాయి పడితే లెక్క మారిపోతుంది. పెద్ద శాంపిల్ ఓవెన్‌కు పంపండి.

సమస్య: స్పిరిట్ పోసి కాల్చిన శాంపిల్‌లో తేమ మరీ ఎక్కువ.

మంట వేడి ఎంతకు పోతుందో మన చేతిలో ఉండదు. రేగడిలో బంకమట్టి ఎక్కువ, సున్నపు గడ్డలూ ఉంటాయి. ఇలాంటి మట్టికి ఆ పద్ధతి పనికిరాదు. ఓవెన్‌లో 105 నుంచి 110 డిగ్రీల వద్ద, బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. జిప్సం ఉన్న మట్టిని మాత్రం 80 డిగ్రీలు దాటనివ్వకండి. లేకపోతే జిప్సం లోపలి నీరు కూడా పోయి తేమ లెక్కలో కలిసిపోతుంది.