ఏ అణువుదో తెలియని గీత

హెర్షెల్ అనే అంతరిక్ష టెలిస్కోప్ 2013లోనే ఆగిపోయినా, దాని డేటా ఇప్పటికీ ఉచితమే. తిరుపతి కొర్లగుంటలో మేడమీది గదిలో కూర్చుని ఒరాయన్ అనే అంతరిక్ష వాయుమేఘం స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వెలుగు వస్తోందో చూపే పటం, అందులో ఒక్కో అణువుకు తనవైన గీతలుంటాయి) చూస్తుంటే, ఒక గీత ఏ అణువుకూ సరిపోలేదు. కొత్త అణువేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు!

మా సీనియర్ అక్కకు ఫోన్ చేస్తే, "హైఫై పరికరంలో రెండు సైడ్‌బ్యాండ్‌లు ఒకదానిమీద ఒకటి పడతాయి కదబ్బా, అది చూసినావా?" అంది.

చూడలేదు. హైఫై అంటే హెర్షెల్‌లో స్పెక్ట్రమ్ తీసే పరికరం. లోకల్ ఆసిలేటర్ అనే తన సొంత సంకేతం ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ సమదూరంలో ఉన్న రెండు పట్టీలను (అవే సైడ్‌బ్యాండ్‌లు) అది ఒకే స్పెక్ట్రమ్‌లో కలిపేస్తుంది. లోకల్ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని కొంచెం జరిపి తీసిన ఇంకో స్పెక్ట్రమ్ పక్కన పెట్టాను. మిగతా గీతలు ఉన్నచోటే ఉన్నాయి. నా గీత మాత్రం ఆ జరిపినదానికి సరిగ్గా రెండింతలు జరిగింది. అంటే అది అవతలి బ్యాండ్‌ది. అటువైపు ఫ్రీక్వెన్సీ లెక్కగట్టి వెతికితే తేలింది మిథనాల్. ఒరాయన్‌లో దాని గీతలు అలిపిరి మెట్లలా ఎంతకీ తరగవు లెండి.