కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక పాతదాన్ని వెంటనే ఇచ్చేయకండి

కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి ఒక సాయంత్రం చాలు. పాతదాంట్లో ఉన్నవన్నీ ఏదీ పోకుండా కొత్తదాంట్లోకి తెచ్చుకోవడమే అసలు పని. ఏళ్ల తరబడి డబ్బులు కూడబెట్టి, ఈఎంఐ లెక్కలు వేసుకుని, ఎప్పటినుంచో మనసు పడ్డ మోడల్ కొన్న సంతోషంలో చాలామంది అదే రోజు పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తారు, తర్వాత నాన్న షష్టిపూర్తి వీడియో ఎక్కడుందని ఇల్లంతా వెతుక్కుంటారు. అందుకే ముందే చెప్తున్నాను, కొత్తది వచ్చాక కనీసం నెల రోజులు పాతది ఇంట్లోనే ఉండాలి. ఎక్స్ఛేంజ్‌లో వచ్చే రెండు మూడు వేల కోసం తొందరపడొద్దు.

ముందు, మార్చాల్సిన అవసరం ఉందా లేదా చూసుకోండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంట్లో వాడుకునేవాళ్లు విడిగా నమోదు చేసుకున్నా సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకానే. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కుదురుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి అంకె 7, అంటే ఏడో తరం, కుదరదు. ఐ5-8250యూ అయితే కుదురుతుంది. అలాంటిది మీ దగ్గర ఉండి, స్లోగా ఉందన్నదొక్కటే బాధ అయితే, లోపల పాత హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. అది తీసి ఎస్ఎస్‌డీ, అంటే అంతకన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్, వేయిస్తే ఇంకో రెండు మూడేళ్లు లాగించొచ్చు. అలా కాదు, కీళ్లు వదులై మూత నిలబడట్లేదు, ఛార్జర్ తీస్తే పది నిమిషాల్లో ఆగిపోతోంది అంటే ఇక ఆలోచించకండి, కొనేయండి.

ఏది కొనాలన్నదాని మీద ఎక్కువ చెప్పను, ఎవరి పని వాళ్లది. అయినా ర్యామ్ 16 జీబీ ఉండాలి, 8 జీబీతో సరిపెట్టుకోవద్దు. పలుచటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోవడానికి వీలుండదు, కాబట్టి ఖాళీ స్లాట్ ఉందా అని కొనేముందే అడగండి. 512 జీబీ ఎస్ఎస్‌డీ విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తుంది, అది మోసం కాదు, కంపెనీ ఒక లెక్కలో కొలిస్తే విండోస్ ఇంకో లెక్కలో కొలుస్తుంది. స్క్రీన్ మాత్రం కళ్లతో చూసే కొనండి. షాపు లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి, వీలైతే గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి, పక్కకి జరిగి చూసినప్పుడు రంగులు వెలిసిపోయినట్టుంటే ఆ స్క్రీన్ వద్దు. రోజూ ఎనిమిది గంటలు చూడాల్సింది దాన్నే.

ఎక్కడ కొనాలి అంటే, తిరుపతి వాళ్లకి రెండు దారులున్నాయి. ఊళ్లోనే కొనడం, లేదా సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లడం. అక్కడ ఒక్కోసారి ధర తగ్గుతుంది, నిజమే. కంపెనీ వారంటీ దేశంలో ఎక్కడైనా పనిచేస్తుంది గానీ, మొదటి వారంలోనే ఏదైనా తేడా వచ్చి షాపు వాళ్లతోనే మార్పించుకోవాలంటే మళ్లీ చెన్నై పోవాలి. తేడా వెయ్యి, రెండు వేలే అయితే ఊళ్లోనే కొనండి అంటాను. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు, పెట్టె మీద నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, ఈ మూడూ ఒకటే అయి ఉండాలి. పెట్టె సీలు మీ ముందే విప్పించండి, ఫోన్‌తో వీడియో తీసుకోండి.

ఇప్పుడు చెప్పేది చాలామంది పట్టించుకోని విషయం. షాపులో పిల్లవాడు ప్రేమగానే "సార్, నేను సెటప్ చేసిచ్చేస్తా" అంటాడు, మనకి టెన్షన్ తగ్గుతుంది కదా అని సరే అంటాం. అతను తన మెయిల్ ఐడీతోనో షాపు ఐడీతోనో చేసేస్తాడు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీస్ లైసెన్స్ ఏ అకౌంట్‌తో యాక్టివేట్ చేస్తే ఆ అకౌంట్‌కి అతుక్కుపోతుంది. అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్క్‌ని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి, ఆ తాళం చెవి, అంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ, సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తుంది. రేపు రిపేర్లో బోర్డు మార్చినా, ఏదో అప్‌డేట్ తేడా చేసినా స్క్రీన్ మీద ఆ కీ అడుగుతుంది. ఎవరి మెయిల్‌లో ఉందో తెలియకపోతే లోపలి డేటా ఇక దొరకదు. కాబట్టి పెట్టె విప్పించి, ఆన్ అయిందని చూసుకుని, సెటప్ మాత్రం ఇంటికొచ్చి మీ సొంత మెయిల్‌తో చేసుకోండి. ఆ రాత్రే అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి.

ఇక సామాను మార్చే పని. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి, పాతదాంట్లోవి ముందు దాంట్లోకి, అక్కడినుంచి కొత్తదాంట్లోకి. కట్ చేయొద్దు, కాపీయే చేయండి. పెద్ద వీడియో దగ్గర ఫైల్ పట్టదని మెసేజ్ వస్తే డిస్క్‌లో చోటు లేదని కాదు, అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం, దాంట్లో 4 జీబీకి మించిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి, మారిస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే ఆ పని చేయండి. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చండి, అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి చూడండి.

డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరూ తెచ్చుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయిన సర్టిఫికెట్ల స్కాన్లు, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు, ట్యాలీ డేటా ఫోల్డర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్, పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్. జీఎస్‌టీ రిటర్నులు వేసేవాళ్లు గడువు నెత్తిన పెట్టుకుని ల్యాప్‌టాప్ మార్చకండి.

తెలుగులో పనిచేసేవాళ్లకి ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సావనీర్లు చేసేవాళ్ల దగ్గర ఏళ్ల కొద్దీ పని అను ఫాంట్లలో ఉంటుంది. అవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి కాదు. ఆ ఫాంట్లు లేని కొత్త ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, ఫైలు పాడైందని కంగారుపడి డిలీట్ చేసేవాళ్లున్నారు. పాడవలేదు, ఫాంటు లేదంతే. పాత ల్యాప్‌టాప్‌లో ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్స్ ఎక్కడున్నాయో వెతికిపెట్టుకోండి. ముఖ్యమైనవాటిని పాతదాంట్లో ఉండగానే పీడీఎఫ్ చేసి పెట్టండి, పీడీఎఫ్‌లో ఫాంటు ఇమిడిపోతుంది కాబట్టి కనీసం చదవడానికైనా మిగులుతుంది. తర్వాత తీరిగ్గా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, ప్రూఫ్ చూడక తప్పదు.

యూనికోడ్‌లో రాసేవాళ్లకి ఇంత బాధ లేదు. గౌతమి, వాణి ఫాంట్లు మాత్రం కొత్త విండోస్‌లో తెలుగు భాషని చేర్చకపోతే కనిపించవు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే వచ్చేస్తాయి. లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డ్ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించొచ్చు, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

కొత్తదాన్ని కాపాడుకోవడానికి రెండు మాటలు. మన ఎండాకాలం తెలిసిందే కదా, మంచం మీద పరుపులో పెట్టి వాడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి మండిపోతుంది, బల్ల మీదే పెట్టండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మెటల్ బాడీ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగ్గా లేకపోయి ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి పనిచేసేవాళ్లు కంపెనీ యాప్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

నెల గడిచింది, పాతదాన్ని తెరవాల్సిన అవసరం రాలేదు అనుకుందాం. అప్పుడు కూడా అమ్మేముందు అన్ని అకౌంట్ల నుంచి సైన్ అవుట్ అయి, రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, డ్రైవ్ క్లీన్ చేసే ఆప్షన్ కూడా పెట్టండి, ఉత్త డిలీట్ అయితే ఫైళ్లు మళ్లీ బయటికి తీయొచ్చు. నన్నడిగితే డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, చిన్న కేసు కొని అందులో పెడితే ఎక్స్‌టర్నల్ డిస్క్‌గా పనికొస్తుంది. అమ్మడం ఇష్టం లేకపోతే విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి ఇంట్లో టైపింగ్ నేర్చుకునే పిల్లలకివ్వండి, అది ఉచితం, పాత మెషీన్ మీద తేలిగ్గా నడుస్తుంది. కానీ టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి, సర్వీస్ సెంటర్లో బ్యాటరీ తీయించేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.